విమానానికి కాపలా

బాలి వడిసెల తిప్పి వదిలితే రాయి చిలకకు తగలదు, చిలక వాలిన కంకికీ తగలదు. రెండింటి నడుమ నుంచి పోతుంది. ఆ గురి ఆమెకు తండ్రి దేవ్లా నేర్పాడు. భర్త మంగీలాల్ పోయాక, మోకాళ్లు నాట్లకు వంగక, తండాలో ఆమెకు మిగిలిన పని అదొక్కటే. చండ్రుగొండ అవతల కుమారస్వామి జొన్నచేలో పదహారేళ్లుగా మంచె ఆమెదే.

చేను గట్టున ఎండిన ఇప్పచెట్టు మీద గద్దల జంట గూడు కట్టుకునేది. గద్ద ఒక్కసారి అరిచి చేను మీద తిరిగితే చిలకల గుంపు లేచి అడవి దారి పట్టేది. ఆ కాసేపు బాలి సద్ది విప్పుకునేది. వాటి వైపు ఎన్నడూ రాయి విసరలేదు.

ఈ యేడు కంకులు పాలు పోసుకునే వేళకు కుమారస్వామి మేనల్లుడు సంపత్ డేగ ఆకారంలో ఒక రిమోట్ విమానం తెచ్చాడు. రెక్కల మీద ఈకల బొమ్మలు, ముక్కు దగ్గర చిన్న పంకా.

"బాలక్కా, ఇగ దిగు. నీ పని ఇది చేస్తది. సద్ది గూడ అడగది."

"అవ్ బిడ్డా, మోకాళ్ల నొప్పులని గూడ అనది," అంది బాలి.

విమానం లేవగానే చిలకలన్నీ పారిపోయాయి. బాలిని రేపటి నుంచి రావద్దన్నారు. అయినా ఆమె వచ్చి గట్టు మీద కూర్చునేది. మూడో రోజు విమానం ఇప్పచెట్టు పక్కగా తిరిగిందో లేదో, ఆడగద్ద పైనుంచి రెక్కలు ముడుచుకుని దాని మీద పడింది. తోక చీలి విమానం జొన్నలో కూలింది. బాలికి నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుమారస్వామి చూడనే చూశాడు.

"నవ్వుతున్నవా? రేపటి సంది మంచె ఎక్కు. ఇది ఎగిరినంతసేపు గద్దను దగ్గరికి రానియ్యకు."

"పిట్టలను బెదిరించేదానికి పిట్టల నుంచి కాపలానా, పటేలా?"

"గట్లనే అనుకో. నీకు చాతగాకుంటే ఊళ్ల సారక్క వస్తనంటున్నది."

మర్నాడు విమానం అతుకులతో మళ్లీ లేచింది. గద్ద వచ్చింది. బాలి మొదటి రాయి దూరంగా వేసింది. రెండోదీ అంతే.

"ఏందక్కా, చెయ్యి పడిపోయిందా?" సంపత్ ఎకసెక్కంగా నవ్వాడు.

గట్టు మీద కుమారస్వామి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మూడో రాయి గద్ద రెక్క విరిచింది.

గూట్లో పిల్లల అరుపులు రెండు రోజులు వినిపించాయి. మగగద్ద ఇంకో రెండు రోజులు చెట్టు చుట్టూ తిరిగి ఎటో పోయింది.

"ఇగ గద్దలే లేవు గదా," అన్నాడు కుమారస్వామి. "రేపటి సంది నువ్వెందుకు, బాలీ?"

ఆమె మంచె దిగింది. వెనక విమానం గుయ్యిమని తిరుగుతూనే ఉంది. అసలు గద్దల భయం పోయిన చిలకలు దాని కిందనే కంకులు ఒలుస్తున్నాయి.

"బాలక్కా! ఇవి లేస్తలేవ్! ఒక్క రాయేసి పో!" సంపత్ అరిచాడు.

బాలి ఒడిలోని రాళ్లు గట్టు మీద కుమ్మరించింది. తండాకు దగ్గరి దారి ఇప్పచెట్టు కిందుగానే పోతుంది. ఆమె చుట్టుదారిన పోయింది.