నక్షా మూలన పేరు

ఫిజీ దీవుల్లో, లౌటోకా ఊరి టాక్సీ స్టాండు పక్క మేడగదిలో గవరయ్య ముప్పై ఏళ్లుగా ఇళ్ల నక్షాలు గీస్తున్నాడు. చెవి మీద పెన్సిలు, జేబులో విరిచిన బ్లేడు ముక్క. ట్రేసింగు కాగితం మీద సిరా గీత తప్పితే ఊపిరి బిగబట్టి ఆ బ్లేడుతో గోకేస్తాడు. ఎవరికి గీసినా ముందు ఇంటావిడను పిలిచి పొయ్యి ఎటు పెడతావని అడుగుతాడు. తర్వాత కప్పును గోడకు బిగించే ఇనుప పట్టీలు ఒక్కటీ వదలకుండా గీస్తాడు. అన్నీ అయ్యాక కుడిమూలన తన పేరు రాసుకుంటాడు.

ఆ రోజు రేడియోలో రాజధాని సువా నుంచి పార్లమెంటు చర్చ వస్తోంది. ఇకమీదట రిజిస్టరైన ఆర్కిటెక్టులే నక్షాల మీద సంతకం పెట్టాలట. చదువు పట్టా లేనివాళ్లు గీసిన ఇళ్లు తుఫానుకి నిలవవని ఒక సభ్యుడు గొంతు చించుకుంటున్నాడు.

"నా ఇళ్లల్లో ఒక్క రేకు లేచిందేటి? ఏ ఇల్లో చెప్పు!" అని గవరయ్య రేడియో మీద అరిచాడు. సభ్యుడు ఆగలేదు. ఆ ఉక్రోషంలో గవరయ్య బ్లేడు తీసి, బల్ల మీది నక్షాలో తన పేరే గోకడం మొదలుపెట్టాడు.

అంతలో ఆ ఇల్లు కట్టించుకోబోతున్న రుక్మిణి మెట్లెక్కి వచ్చింది.

"నక్షా హోయ్ గయిస్, కాకా?" నక్షా అయిందా అని అక్కడి హిందీలో అడిగింది.

"అయిపోనాది. సట్టం వస్తే సంతకానికి సువా ఎళ్లాలంట. నా పేరు పనికిరాదంట."

రుక్మిణి సగం చెరిగిన పేరు వంక చూసింది. "సంతకం ఎవరన్నా చెయ్యనీ. రేకు ఎగిరితే నీ గడపకే వస్తా, కాకా."

గవరయ్య గోకడం ఆపాడు. బ్లేడు జేబులో పడేసి, చెవి మీది పెన్సిలు తీసి, కప్పుకి ఇంకో నాలుగు పట్టీలు గీశాడు.