దుర్గం మీద గడ్డిముడులు

నిన్న పొద్దున ఆ మాట వినగానే నేను నవ్వాను.

ఆత్మకూరు నుంచి యోహాను బావమరిది దావీదు నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"యాకోబు మామా, బావ పోయినాడు" అన్నాడు.

"ఎవురు నేర్పించినార్రా నీకీ వేషం" అన్నాను.

ఉదయగిరిలో నా చేతిలో బోల్తా పడని మనిషి లేడు. ఇన్నాళ్లకు యోహాను నాకు తిరిగి వడ్డిస్తున్నాడనుకున్నాను.

దావీదు నవ్వలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు.



కలరా అట. ఆత్మకూరు కరువు రిలీఫ్ క్యాంపులో గంజి పోస్తూ పోస్తూ మొన్న పొద్దున పడిపోయాడు. సాయంత్రానికి లేడు. అక్కడే పూడ్చేశారు.

పోయిన ఆదివారం ప్రార్థనలో నా పక్కన కూర్చుని గొంతెత్తి పాడిన మనిషి. నాకంటే రెండేళ్లు చిన్న.

మిషన్ స్కూలు టీచరుగా పిల్లలకు చెప్పింది చాలక, నలభై ఏళ్ల వయసులో నాకూ అక్షరాలు దిద్దించాడు. ఇది రాస్తూ కూడా, వాడొచ్చి నా తప్పులు కొట్టేస్తాడేమోనని తలుపు వైపు చూస్తున్నాను.

దుర్గం కొండ సంగతి మీ అందరికీ తెలుసు.

వాడు చెప్పినంత వరకే తెలుసు. మిగతాది నేను చెప్పాలి.

కరువు రెండో ఏడు. అడవి గడ్డల కోసం పల్లె పల్లెంతా కొండెక్కేవాళ్లం. ముందు పోయినవాళ్లు మలుపు మలుపుకీ గడ్డి ముడేసి, కొస దారి వైపు వంచి పోవడం మన అలవాటు. వెనక వచ్చేవాళ్లకు ఆ కొసే గుర్తు.

ఆ రోజు యోహాను నా వెనక వస్తున్నాడు. దారి పొడుగునా ప్రసంగమే, ఆకలి కంటే అదే ఎక్కువ బాధ నాకు. అందుకని వాడికి కనపడకుండా ముందుకు పోయి, నాలుగు చోట్ల పాత ముడులు విప్పి, కొస లోయ వైపు తిప్పి కట్టాను.

కాసేపు తిరుగుతాడు, నవ్వుకోవచ్చు. అంతే అనుకున్నాను.

రెండేళ్లు మొహం చాటేసిన వాన ఆ మధ్యాహ్నమే వచ్చింది. కొండంతా మబ్బు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. యోహాను పైకి రాలేదు.

భయమేసి లోయలోకి దిగాను. తడి బండ మీద జారి, రెండు రాళ్ల మధ్య కాలు ఇరుక్కుపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది.

నన్ను వెతికి పట్టుకుంది వాడే.

"ఏందిరా యాకోబూ, ఈడ కాపురం పెట్టినావా?" అన్నాడు.

పంచె చించి కాలికి కట్టాడు. "మిషన్ దొర నీకు పేరు చూసే పెట్టినాడు రా. ఇంక బైబిల్లో ఆ యాకోబు మాదిరే కుంటుకుంటా పో" అని వీపు మీద వేసుకున్నాడు. రెండు రోజులుగా పస్తులున్న మనిషి.

ప్రతి మలుపులో నన్ను దించేవాడు. తప్పు ముడి విప్పి, సరిగ్గా కట్టి, మళ్లీ ఎత్తుకునేవాడు.

"ముందు ఇంటికి పోదాం రా సామీ, నా కాలు పోతా ఉండాది" అన్నాను.

"మన ఎనక ఆడోళ్లు వస్తా ఉండారు రా. మనం బయటపడితే చాలా?"

తర్వాతి ఆదివారం ప్రార్థనలో వాడి ప్రసంగం అదే. దారి తప్పినవాడు తిరిగొస్తే సగం పనే అయిందట. వెనకవాళ్ల కోసం ముడి సరిచేస్తూ వస్తేనే అది మారుమనస్సట. మీరంతా ఏడ్చారు. నేను మీకంటే గట్టిగా ఏడ్చాను.

ముడులు మార్చిందెవరో వాడు చెప్పలేదు. మేకల సుబ్బయ్యేనని మనమే తేల్చేశాం. ఎప్పుడూ కొండ మీద ఉండేది అతనే కదా. ఆ రోజు నుంచి అతన్ని మన బావి దగ్గరికి రానివ్వలేదు.

ఆ పేరు మొదట ఎత్తింది నేనే.

నిన్న దావీదు కాసిన్ని నీళ్లు తాగి, బావ పోయేముందు నాతో చెప్పమన్న మాట చెప్పాడు.

"'ఎడం చేత్తో ముడేసేది మన పల్లెలో యాకోబొక్కడే. నాకు ఆ పొద్దే తెలుసు. వాడే చెప్తాడని చూసినాను. నాకు పొద్దు గుంకింది, వాడికి ఇంకా ఉండాది' అన్నాడు మామా."

మెలిక చూసి పోల్చుకున్నాడు. పోల్చుకున్నాకే మళ్లీ నన్ను ఎత్తుకున్నాడు.

ముడులు మార్చింది నేను. సుబ్బయ్య కాదు.

ఇక్కడి దాకా రాసి, ఈ కాగితం మొదట అతని మేకల దొడ్డి దగ్గర చదివాను. చదివినంతసేపూ నేను తల ఎత్తలేదు. అతను దొడ్డి తడిక మూసి నా వైపు తిరిగాడు.

"ఆయప్ప బతికి ఉన్నప్పుడే చెప్పుంటే బాగుండు" అన్నాడు.

చదివినవాళ్లు దీన్ని వరికుంటపాడు, కొండాపురం వైపు మనవాళ్లకు పంపండి. చదవడం రానివాళ్లకు వినిపించండి. రేపు సుబ్బయ్య మన బావికి వస్తాడు. నీళ్లు నేనే తోడి పోస్తాను. అడ్డం వచ్చేవాళ్లు నాతో మాట్లాడండి.

యోహానూ, ఆలస్యంగానైనా ఒక ముడి సరిచేశాను రా.

ఇన్నాళ్లూ అందరినీ మోశావు. నిన్ను మోసే ప్రభువు వీపు మీద ఇక నిమ్మళంగా నిద్రపో.