జపాను బాబు నెమ్మది బంతి

నా చిన్నప్పుడు కొరాపుట్‌లో మా పక్క వాటాలో ఒక జపాను దేశస్థుడు కొన్ని నెలలు అద్దెకున్నారు. కొండల్లోని ఇనుపరాయిని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్త రైలుమార్గం వేయబోతున్న రోజులవి. సొరంగాలు ఎక్కడ తవ్వవచ్చో తెలుసుకోవడానికి కొండకు బెజ్జాలు వేసి రాయిని పరీక్షించే జట్టులో ఆయన పనిచేసేవారు. అక్కడే ఓవర్సీరుగా ఉన్న మా చిన్నాన్న ఆయనకు ఆ వాటా కుదిర్చాడు. ఆయన పేరు మాకెవరికీ సరిగా పలికేది కాదు, అందుకని వీధి వీధంతా జపాను బాబు అనేవారు. నలభై దాటిన మనిషి, పొడగరి. కుడిచేతిని భుజం కంటే పైకి ఎత్తలేకపోయేవారు. తల దువ్వుకోవాలన్నా తలనే చేతి దగ్గరికి వంచేవారు.

ఆ ఏడాదే నేను పనసచెట్టు మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది కాని వంకరగా అతుక్కుంది. చెయ్యి పూర్తిగా చాపడం ఇక కుదరలేదు. అంతకుముందు మా బడిలో టెన్నికాయిట్‌లో నన్ను ఓడించినవాళ్ళు లేరు. వల మీదుగా రబ్బరు రింగును విసరాలి, అవతలి మనిషి అది నేల తాకకముందే ఒంటిచేత్తో పట్టుకుని తిరిగి విసరాలి, అంతే ఆట. నా బలమంతా ఆ విసురులోనే ఉండేది. రింగు వెళ్ళి అవతలి చివరిగీత దగ్గర వాలేది. కట్టు విప్పాక మొదటిసారి విసిరితే అది వల దాకా కూడా పోలేదు. ఒడియా బళ్ళలో టీచరమ్మను దిది అంటారు. మా ఆటల దిది నా వీపు నిమిరి, రాయగడలో జరిగే బడిపిల్లల పోటీకి వేరే అమ్మాయిని చూసుకుంటానని చెప్పింది.

అప్పటినుంచి ఆ చెయ్యి ఎవరికీ కనబడకుండా వీపు వెనక పెట్టుకుని తిరగడం అలవాటైంది. పేరంటాలకు పోవడం మానేశాను. బడి మానేస్తానని కూడా అమ్మ దగ్గర గునిశాను.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చున్న మా చిన్నాన్న నన్ను పిలిచాడు. "ఏటమ్మీ, ఆ సెయ్యి ఎనకాలెట్టుకుని తిరుగుతున్నావు? ఎవుడైనా ఎత్తుకుపోతాడనా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు కాని నాకు ఏడుపు ఆగలేదు. పక్కన టీ తాగుతున్న జపాను బాబు సంగతేమిటని సగం ఇంగ్లీషు, సగం హిందీలో అడిగారు. చిన్నాన్న చెప్పాడు. ఆయన గ్లాసు కింద పెట్టి నా మోచేతిని చేతుల్లోకి తీసుకున్నారు. అది ఎంత వరకు వంగుతుందో, ఎంత వరకు చాపగలనో, ఎక్కడ నొప్పి పుడుతుందో చూశారు. అందరూ నన్ను చూసినట్టు జాలిగా మాత్రం చూడలేదు. లోపలికి వెళ్ళి, ఎర్రదారంతో కుట్టిన ఒక తెల్లటి తోలుబంతి తెచ్చారు.

దాన్ని కొట్టమని మా చిన్నాన్నకు సైగ చేశారు. చిన్నాన్న విజయనగరం కాలేజీలో క్రికెట్ ఆడినవాడు. పెరట్లోంచి బట్టలు కొట్టే కర్ర తెచ్చుకుని, "రానీమను, సూద్దాం. ఈది సివర పడకపోతే అడుగు!" అని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

జపాను బాబు ఒళ్ళంతా వెనక్కి తిప్పి, కాలు ఎత్తి, పిడుగు విసరబోతున్న మనిషిలా కదిలారు. తీరా నడుము పక్కనుంచి వచ్చిన బంతి షికారుకు బయలుదేరినట్టు తీరుబడిగా వచ్చింది. అది సగం దారిలో ఉండగానే చిన్నాన్న కర్ర గిర్రున తిరిగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చిన్నాన్న ఊపిరి బిగబట్టి నెమ్మది బంతి కోసం కాచుకున్నాడు. ఈసారి బంతి కొంచెం జోరుగా వచ్చి, చిన్నాన్న కర్ర కదిపేలోగా వెనకున్న గోడకు తగిలింది. వీధిలోవాళ్ళంతా విరగబడి నవ్వారు. చాలా రోజులకు నేనూ నవ్వాను.

అప్పుడు ఆయన తన కథ చెప్పారు. చిన్నాన్న మధ్య మధ్య ఆపి, మాకు అర్థమయ్యేలా తిరగేసి చెప్పాడు. జపానులో బేస్‌బాల్ అనే ఆటను జీతాలిచ్చి ఆడించే జట్లు పుట్టిన కొత్తలోనే, మీసాలు సరిగా రాని వయసులో, ఆయన ఒక జట్టులో చేరారు. బంతి విసిరేవాడే ఆ ఆటకు ప్రాణం. ఈయన విసిరితే బంతి కనబడదనీ, చప్పుడు మాత్రం వినబడుతుందనీ జనం చెప్పుకునేవారట. తరవాత యుద్ధం వచ్చింది. బాగా విసరగలడని తెలిసి సైన్యంలో ఆయన చేత చేతిబాంబులే విసిరించారు. భుజంలో కండ చిరిగిపోయింది. యుద్ధం ముగిసి ఇంటికొచ్చి మళ్ళీ ఆటలో దిగిన రోజున అవతలివాళ్ళు ఆయన బంతుల్ని చితక్కొట్టారు. ఒకప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళే ఇంటికి పొమ్మని కేకలేశారట.

"మరేటి సేసేరు?" అని అడిగాను.

చిన్నాన్న ఆయన మాట విని చెప్పాడు. "పోయిన జోరు కోసం ఒక ఏడాది ఏడిసేరట. తరవాత బుర్రకి తట్టిందట. 'నా జోరు పోయింది గాని, ఆళ్ళ తొందర ఎక్కడికీ పోనేదు' అని. ఆ తొందరనే అట్టుకుని ఆడేరట. నెమ్మదిగా ఒక బంతి ఏస్తే, దాని ఎనకాల ఏసిన మామూలు బంతి కూడా ఆళ్ళకి పిడుగునాగే కనిపించేదట."

ఆ నెమ్మది బంతితో ఆయన కుర్రతనంలో కంటే ఎక్కువ ఏళ్ళు ఆడారు. పొమ్మన్న ఊళ్ళోనే మళ్ళీ గెలిచారు.

మర్నాటినుంచి ఆయన పని ముగించుకుని రాగానే మా పెరట్లో తాడు కట్టి, అవతల నేల మీద చేట పెట్టేవారు. తాడు దాటిన రింగు ఆ చేటలో పడాలి. వంకర మోచెయ్యి దూరం విసరడానికి పనికి రాలేదు కాని, దగ్గరలో మెత్తగా వదలడానికి అది ముందే వంచిపెట్టినట్టు ఉండేది. ఆయన ఇంకోటి కూడా నేర్పారు. రింగును చూడొద్దు, అవతలి మనిషి కాళ్ళను చూడు, వెళ్ళబోయే చోటు కాళ్ళే ముందు చెబుతాయి అని.

రెండు మూడు వారాలయ్యాక దిది దగ్గరికి వెళ్ళి, జట్టులో ఉన్న అమ్మాయితో ఒక్క ఆట ఆడనివ్వమన్నాను. ఆట సగంలో ఉండగానే దిది ఈల ఊది, "రాయగడకి నువ్వే," అంది.

బస్సులో ఘాటు రోడ్డు మలుపులన్నీ తిరిగి రాయగడ చేరాం. నాకు ఎదురైన అమ్మాయి నాకంటే జానెడు పొడుగు. నా చెయ్యి చూసి పక్కవాళ్ళతో ఏదో గుసగుసలాడింది. నేను చెయ్యి దాచుకోలేదు, కావాలనే ముందుకు పెట్టాను. మొదటి ఆట ఆమెదే. ఆమె విసురు కాచుకోవడానికే నాకు సరిపోయింది. రెండో ఆటలో ఆమె అడుగులు అర్థమయ్యాయి. ఆమె మడమలు వెనక్కి ఆనిన ప్రతిసారీ వల అవతల, రింగు దాటి తీరాల్సిన మొదటి గీత దాటీదాటగానే రింగును జారవిడిచాను. పరుగెత్తుకొచ్చేది, వంగేది, ఆలోగా అది నేల మీద ఉండేది. ఆ ఆట నాదైంది. మూడో ఆట చివరికి ఆమె తెలివిగా వల దగ్గరకొచ్చి కాపు కాసింది. అప్పుడు ఎముక కలుక్కుమన్నా ఓర్చుకుని, ఆమె తల మీదుగా ఒక్కటి పొడుగ్గా వేశాను. ఒకప్పటి నా విసురులో అది సగం కూడా కాదు. అయినా ఆమె కదల్లేదు. గెలిచాను.

ఊరికి తిరిగొచ్చేసరికి జపాను బాబు జట్టు పక్కనున్న జైపూరు వైపు కొండల్లోకి మారిపోయింది. నెల తరవాత ఏదో సామాను కోసం జీపులో వచ్చినప్పుడు పరుగెత్తి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. చివరి రింగు వేసేటప్పుడు ఆ అమ్మాయి బరువు ఏ కాలి మీద ఉందని మాత్రం అడిగారు. ముందుకాలి మీద అన్నాను. తృప్తిగా తల ఊపి జీపు ఎక్కారు. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు నాది. యాభయ్యో పడిలో ఆ గొంతుకు ఆపరేషన్ జరిగి, గుసగుస కంటే కాస్త పెద్ద మాటే మిగిలింది. ఇంట్లోవాళ్ళు ఉద్యోగం మానెయ్యమన్నారు. నేను మామూలు వేళకే బడికి వెళ్ళాను. తరగతి గోలగోలగా ఉంది. బల్ల మీద చెయ్యి ఆనించి, పిల్లల్ని చూస్తూ, నాకున్న ఆ కాస్త గొంతుతోనే ఒక కథ మొదలుపెట్టాను. ముందు బెంచీలో అమ్మాయి వెనక్కి తిరిగి "ష్" అంది. తరవాత ఒక్కొక్క బెంచీ ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది.