ఎనిమిదో తరగతిలో ఉపవాస ప్రార్థన

బళ్లకి తాళాలు పడి, పిల్లల చదువంతా ఫోన్లలోకి దూరిన ఆ రోజుల గురించి ఎవరిని కదిపినా భయం గురించే చెబుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది నా ధీమా. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. బీఈడీ చేసి రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక, మా ఊరి మిషన్ స్కూల్లో జీవశాస్త్రం మాస్టరుగా చేరి ఎనిమిది నెలలు. మా ఊరు గుంటూరు నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో మేము. ఆన్‌లైన్ బోధన మీద రెండు రోజుల శిక్షణ ఆన్‌లైన్లోనే తీసుకుని, వాళ్లిచ్చిన సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించి గోడకి తగిలించుకున్నాను. (రెండో రోజు నెట్ రాలేదు. సర్టిఫికెట్టు మాత్రం వచ్చింది.) స్కూల్లో కంప్యూటర్ తెరవడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి హెచ్‌ఎం గారు నన్ను నిపుణుడు అనేవారు. నేను వద్దనలేదు.

నిపుణుడి క్లాసుకి మొదటి వారం నలుగురు పిల్లలు వచ్చారు. ఎనిమిదో తరగతిలో ఉన్నది ముప్పై ఒక్కమంది. రెండో వారమూ ఆ నలుగురే. మూడో వారం అందులో ఒకడికి జ్వరం. నెలాఖరుకి హెచ్‌ఎం గారు నన్ను పిలిచి, మాస్కు సర్దుకుని, సంగతి చెప్పారు. "సార్, కరస్పాండెంటు గారు గట్టిగా ఉన్నారు. సగం మంది పిల్లలైనా రాకపోతే మీ క్లాసు తొమ్మిదో తరగతితో కలిపేస్తారంట. అప్పుడు జీవశాస్త్రానికి ఒక్కరే చాలు. ఆ ఒక్కరు మీరు కాదు." నాకు కోపం వచ్చింది. పిల్లల మీద వచ్చింది. ఇంత చక్కగా రంగురంగుల స్లైడ్లు చేసి, పది గంటలకి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటే రాకుండా ఏం చేస్తున్నారు వీళ్లు అనుకున్నాను. క్లాసు పది గంటలకే ఎందుకు పెట్టానంటే టైంటేబుల్లో జీవశాస్త్రం పది గంటలకి ఉంది. టైంటేబుల్ ముందు ఏడాదిది. అది మార్చొచ్చని నాకు తట్టలేదు, నా శిక్షణలోనూ చెప్పలేదు. (రెండో రోజు చెప్పారేమో.)

ఇంకో ఉద్యోగం కూడా ఉండేది నాకు, జీతం లేనిది. మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. శుక్రవారం పదింటి ఉపవాస ప్రార్థన అంతకుముందు చర్చిలో జరిగేది. కరోనా వచ్చాక అది కూడా ఫోన్లోకి మారింది. ఆడవాళ్లకి అది నచ్చింది కూడా. మిరప నాట్లు అయిపోయి కలుపులు సాగుతున్న రోజులు, ప్రార్థన కోసం కూలి పోగొట్టుకోనక్కర్లేదు. సాళ్ల మధ్య కూర్చుని కలుపు తీస్తూ, ఫోను గట్టు మీద పెట్టుకుని బైబిలు వాక్యం వినొచ్చు. ప్రతి శుక్రవారం పొద్దున పాస్టరు గారి లింకు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టే పని అమ్మ నాకు అప్పజెప్పింది. చర్చీ స్కూలూ ఒకే కాంపౌండులో ఉంటాయి, గేటు ఒకటే. ఆ గేటు ఫోటో ఒకటి తీసి, ప్రార్థన గ్రూపుకీ ఎనిమిదో తరగతి గ్రూపుకీ అదే గుర్తుగా పెట్టాను. రెండు ఫోటోలు తీయడానికి బద్ధకం.

ఇంక చెప్పేదేముంది. ఒక శుక్రవారం పొద్దున క్లాసు లింకు ప్రార్థన గ్రూపులోకీ, ప్రార్థన లింకు క్లాసు గ్రూపులోకీ వెళ్లిపోయాయి.

పది గంటలకి క్లాసు తెరిచాను. నలుగురు. చూస్తుండగానే తొమ్మిది మంది. ఇరవై. ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. ముప్పై ఒక్కమంది ఉన్న క్లాసుకి ముప్పై ఎనిమిది మంది రావడం ఎలా కుదురుతుందన్న ఆలోచన నాకు రాలేదు. లెక్కలు నా సబ్జెక్టు కాదు. పిల్లలందరూ పెద్దవాళ్ల ఫోన్లతోనే వస్తారు కాబట్టి ఏ పేరు కనపడినా అనుమానం ఉండదు. 'దేవుని బిడ్డ' అని ముగ్గురు ఉన్నారు, ఎవరో ముగ్గురు పిల్లల నాన్నలు పెట్టుకున్న పేరనుకున్నాను. హాజరు అంకె పది నిమిషాల్లో పంపాలని హెచ్‌ఎం గారి రూలు. ముప్పై ఎనిమిది అని పంపితే గొప్పలకి పోయినట్టుంటుందని, వినయంగా ముప్పై ఒకటికి ముప్పై ఒకటి అని పంపాను. వెంటనే ఆవిడ దగ్గర్నుంచి దండం బొమ్మలు ఆరు వచ్చాయి.

ఆ రోజు పాఠం సూక్ష్మజీవులు. అందరి మైకులూ మూసేసి, ఎన్నడూ లేనంత హుషారుగా చెప్పాను. మన చుట్టూ కంటికి కనపడని ప్రాణులు కోట్లకొద్దీ ఉన్నాయన్నాను. అందులో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయన్నాను. చెడ్డవి మనలో ఎలా ప్రవేశిస్తాయో, పాలు పెరుగు ఎలా అవుతాయో, అంతా చెప్పాను. వాక్యం చెప్పడానికి పాస్టరు గారు ఎవరో కొత్త బ్రదర్ని పిలిపించారని అవతల ఆడవాళ్లు అనుకుంటున్నారు. నలభై నిమిషాలయ్యాక మైకులు తెరిచి "డౌట్లుంటే అడగండి" అన్నాను. గాలి చప్పుడు, కొంగల అరుపులు, ఎవరో దగ్గడం. ఒక ఆడమనిషి గొంతు అడిగింది. "బ్రదర్ గారూ, మా మిరపలో ఆకుముడత వచ్చింది. మీరు చెప్పిన ఆ వైరస్సేనా అదీ?" ఎవరో పిల్లవాడి అమ్మ పక్కనుంచి అడుగుతోందనుకుని, "ముడతంతా వైరస్సేనమ్మా" అని ధైర్యంగా చెప్పాను. (మిరప చేలోకి నేను దిగింది ఫోటో దిగడానికే.) "సరేనండి. ముగింపు ప్రార్థన చెయ్యండి" అందావిడ.

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. పైగా వంటింట్లోంచి నా గొంతే నాకు వినపడుతోంది. మా అమ్మ కూడా క్లాసులో ఉంది. ఏం చెయ్యను, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. మంచి సూక్ష్మజీవుల్ని మాకు దయచేసి, చెడ్డవాటిని మా పొలాలకీ ఇళ్లకీ దూరంగా ఉంచమని వేడుకున్నాను. ముప్పై ఎనిమిది ఫోన్లలోంచి ఆమెన్ వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పినదానికి అంతమంది ఒకేసారి ఒప్పుకోవడం అదే మొదలు. అవతల పాస్టరు గారు ఆ నలుగురు పిల్లలకీ పూర్తి వాక్యం చెప్పి పంపారని తర్వాత తెలిసింది. వాళ్లలో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒకడైతే సైన్సు కంటే బాగుంది సార్ అన్నాడు.

మధ్యాహ్నానికి హెచ్‌ఎం గారు ఫోన్ చేశారు. కరస్పాండెంటు గారు సంతోషించారట. వచ్చే శుక్రవారం స్వయంగా వచ్చి నా పక్కన కూర్చుని క్లాసు చూసి, ఆ తర్వాత నా పోస్టు సంగతి తేలుస్తారట. అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లి, "వచ్చే శుక్రవారం కూడా మీ వాళ్లని నా క్లాసుకి రమ్మనవే" అన్నాను. అమ్మ చాట పక్కన పెట్టింది. "నీ అబద్ధానికి మా ప్రార్థన గ్రూపు కావాల్సొచ్చిందా?" అంది. నేను తలొంచుకున్నాను. చాట మళ్లీ చేతిలోకి తీసుకుని తనే అంది. "ఒరేయ్, వాళ్లలో సగంపైగా నీ క్లాసు పిల్లల తల్లులేరా. ఇంటికో ఫోను. ఏ చేలో పనుందో ముఠా మేస్త్రి ఫోన్ చేసి చెబుతాడని అది పొలానికి తీసుకుపోతారు. పది గంటలకి పిల్లలు దేంట్లో చూడాలి నీ పాఠం?" పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. నలుగురు పిల్లలే ఎందుకొస్తున్నారని నెల రోజులు తిట్టుకున్నానే గానీ, ఒక్క ఇంటికి వెళ్లి అడగలేదు. సిగ్గేసింది. "ఆ తల్లుల్ని రమ్మని నేను చెబుతాలే. ప్రార్థన మధ్యాహ్నానికి మార్చమంటాను. నువ్వు మటుకు కరస్పాండెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పు" అంది. సరేనన్నాను. వారం రోజులు రోజూ సరేననుకుంటూనే ఉన్నాను.

కరస్పాండెంటు గారు పెద్దాయన. వెనక మేం అక్కడ చదివేటప్పుడు గంట అయ్యగారు అనేవాళ్లం, స్కూలు గంట సొంత వాచీ చూసి తనే కొట్టించేవారు. శుక్రవారం పదికి ఐదు నిమిషాలుందనగా స్టాఫ్‌రూములో నా పక్కన కుర్చీ వేయించుకుని, హాజరు రిజిస్టరు ముందు పెట్టుకున్నారు. క్లాసులో ఇరవై ఆరుమంది ఉన్నారు. "బానే ఉందే" అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే కళ్లజోడు పెట్టుకుని పిలవడం మొదలుపెట్టారు. ఒకటో నంబరు "ప్రెజెంట్ సార్" అన్నాడు, నా నలుగురిలో ఒకడు. రెండు, మూడు పలకలేదు. నాలుగో నంబరుకి ఒక ఆడమనిషి గొంతు "ఉన్నామండీ" అంది. ఆయన కళ్లజోడు పైనుంచి నాకేసి చూశారు. నా ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఈ పూటతో నా ఉద్యోగం సరి అనుకున్నాను.

"పన్నెండో నంబరు" అన్నారాయన. గట్టు మీద గాలి చప్పుడు. తర్వాత పోయిన వారం ముడత గురించి అడిగిన గొంతే వచ్చింది. "వాడు ఇంటికాడ ఉన్నాడండి. నేను వాళ్లమ్మని. ఫోను నా దగ్గరుంది. మీరు చెప్పండి, నేను వింటాను. నాకు రాయడం రాదు, గుర్తుపెట్టుకుని పొద్దుగూకాక వాడికి చెబుతాను. పోయిన వారందీ చెప్పాను." కరస్పాండెంటు గారు ముందుకి వంగారు. "ఏం చెప్పావమ్మా?" అని అడిగారు. ఆవిడ చెప్పింది. కంటికి కనపడని ప్రాణులు, పాలని పెరుగు చేసేవి, గాయంలోంచి దూరేవి, నేను చెప్పిన వరసలోనే, నాకంటే తక్కువ మాటల్లో. ఆఖర్న అంది. "ముడత సంగతి మాత్రం చెప్పలేదండి. మాస్టారు చెప్పింది తప్పు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందకి ముడుచుకుంటే నల్లి. వైరస్సు వేరే." కనిగిరి వైపు కరస్పాండెంటు గారికి రెండెకరాల మిరప ఉంది. ఆ తర్వాత పది నిమిషాలు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. ఆయన రెండుసార్లు నా పెన్ను తీసుకుని రాసుకున్నారు.

మాటలయ్యాక మైకు మూసి నేను మొత్తం చెప్పేశాను. గేటు ఫోటో, తారుమారైన లింకులు, ముప్పై ఒకటికి ముప్పై ఒకటి, ప్రార్థన, ఏదీ దాచలేదు. ఆయన రిజిస్టరులో పలకని నంబర్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్లారు. "వీళ్లు ఇళ్లకి ఎన్నింటికి చేరతారు?" అన్నారు. ఆరున్నరకండి అన్నాను. "సోమవారం నుంచి క్లాసు ఏడింటికి పెట్టు" అని లేచి, రిజిస్టరు నా వైపు తోశారు. "పన్నెండో నంబరుకి ప్రెజెంట్ వెయ్యి" అన్నారు. "ఎవరికండీ, తల్లికా, పిల్లాడికా?" అని అడిగాను. "ఇద్దరికీ" అన్నారు.

గడి చిన్నది. అయినా సర్ది రెండు పి అక్షరాలు రాశాను. సోమవారం నుంచి క్లాసు ఏడింటికి మారింది. వారం తిరిగేసరికి పిల్లలు ఇరవై ముగ్గురు వచ్చారు, నా పోస్టు నిలబడింది. ఏడింటికి తల్లులందరూ పొయ్యి దగ్గర ఉంటారు కాబట్టి వాళ్లు మళ్లీ రాలేదు. పన్నెండో నంబరు గడిలో ఆ తర్వాత ఎప్పుడూ ఒక్క పి మాత్రమే పడింది. హాజరు పెరిగిందని అప్పటి ఆ కుర్ర మాస్టరు (నేనే) ఆ రిజిస్టరు పేజీ ఫోటో తీసి అందరికీ పంపుకున్నాడు, పాపం.