రెక్కలున్న నల్లి

భూతద్దం మామయ్యకు ఒకటే పిచ్చి. పురుగు కంటపడితే అది నల్లో కాదో తేల్చందే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆ పేరు వీధివాళ్ళు పెట్టిందే. ఆయన చేతుల్లో పెరిగిన మేనకోడలికి ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

"రెక్కలున్నాయా? ఒళ్ళు పల్చనా, ఉబ్బెత్తా?" ఇంట్లో ఎవరు కెవ్వుమన్నా ఆయన మొదటి మాట అదే. ఉబ్బెత్తు వీపు, దాని కింద రెక్కలు ఉంటే పెంకుపురుగు, ఎవరినీ కుట్టదు. పల్చగా, ఎర్రమట్టి రంగులో, రెక్కల్లేకుండా ఉంటే నల్లి. ఒకసారి మేనకోడలి ఆఫీసు మేనేజరు ఇంటికొస్తే, కుర్చీ వేయకముందే మామయ్య అతని కాలరు మీదికి వంగాడు.

"కదలకండి సార్... నల్లి కాదు, బియ్యంలో ముక్కపురుగే! హాయిగా కూర్చోండి."

మేనేజరు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మేనకోడలికి తల కొట్టేసినట్టయింది.

"శుభవార్త చెబితే పారిపోతాడేమే?" అన్నాడు మామయ్య.

"పురుగు విషయంలో దేవుడడిగినా అబద్ధమాడను," అనేవాడాయన. అందుకే వాళ్ళుండే మేడలో అద్దెకున్న వాళ్ళందరికీ ఆయన మాటే తీర్పు.

పై గదిలోకి కొత్తగా ఒక టైలరమ్మాయి వచ్చింది. కుట్టుమిషను, చెక్కమంచం, చంకలో పసిపిల్ల, అంతే సంసారం. ఒక ఉదయం మేడ సొంతదారైన ఇంటావిడ ఆ మంచం మీద దొరికిన పురుగును కాగితంలో పట్టుకొచ్చింది. వెనకే బిడ్డనెత్తుకుని టైలరమ్మాయి.

"నల్లని ఒక్కమాట చెప్పండి అన్నయ్యగారూ. సాయంత్రానికి ఈవిడ సామాను వీధిలో ఉంటుంది."

టైలరమ్మాయి బిడ్డను మరింత దగ్గరికి పొదువుకుంది. మామయ్య భూతద్దంలోంచి పురుగును చూశాడు, పసిపిల్లను చూశాడు, మళ్ళీ పురుగును చూశాడు. ఆయన భుజం మీంచి మేనకోడలూ తొంగిచూసింది. పల్చటి ఒళ్ళు, ఎర్రమట్టి రంగు. రెక్కల ఊసే లేదు.

"పెంకుపురుగు," అన్నాడు మామయ్య గొంతు సవరించుకుని. "ఇవిగో రెక్కలు. కనిపిస్తున్నాయా?"

ఇంటావిడ కళ్ళు చికిలించి, "ఆఁ, ఆఁ, ఎందుకు కనిపించవూ!" అంటూ వెళ్ళిపోయింది.

"దానికి రెక్కలెక్కడివి మామయ్యా?"

"నీకు కళ్ళజోడు పెట్టించాలే."

మధ్యాహ్నం ఇంటావిడ కునుకు తీసే వేళకి మామయ్య మరిగే నీళ్ళ కెటిల్ పట్టుకుని పిల్లిలా మేడమెట్లెక్కుతున్నాడు.

"పెంకుపురుగులకి వేడినీళ్ళెందుకో?"

"స్నానానికి! నోర్మూసుకుని ఇంకో కెటిల్ పెట్టు."

మంచం సందులన్నీ కడిగి, ఎండబెట్టి, చివరి నల్లి కూడా పోయిందని తేలేదాకా ఆయన నిద్రపోలేదు. టైలరమ్మాయి ఆ గదిలోనే నిలదొక్కుకుంది. మేనకోడలికి మాత్రం ఆ రోజు మామయ్య మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత కూడా ఆయన ఆ పాతమాట మానలేదు. కాకపోతే ముందు ఒక ముక్క చేర్చాడు.

"సాధారణంగా, పురుగు విషయంలో దేవుడడిగినా అబద్ధమాడను."