యూపీఎస్‌కు ఆరాం

మా ఇంట్లో యూపీఎస్ మాటిమాటికీ ఎందుకు చచ్చిపోతోందని నేను చాలామందిని అడిగాను. తెలియదన్నవాళ్లు ఒక్కరూ లేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు బ్యాటరీ అమ్మిన షాపాయన ఎండల వల్ల అన్నాడు. ఎల్బీనగర్‌లో మేం కిరాయికుండే ఇంటి ఓనరమ్మ పై వాటా నుంచి దిగొచ్చి మరీ చూసి, వాస్తు అంది. నెట్ కనెక్షన్ ఇచ్చినాయన, ఈ రోజుల్లో కంపెనీలన్నీ దొంగ కంపెనీలేనన్నాడు. తన కంపెనీ గురించి నేను అడగలేదు.

యూపీఎస్ అంటే చెప్పుల డబ్బా అంత నల్లపెట్టె. గోడ మీది ప్లగ్గుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చుంటుంది. కడుపులో చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ నింపుకుంటుంది, పోగానే కుయ్ కుయ్‌మని అరుస్తూ ఆ నింపుకున్నది కంప్యూటరుకు ఇస్తుంది. ఇప్పుడు మా వైపు కరెంటు గంటల తరబడి పోవడం లేదు. పోయిందా అనుకునేలోపే వచ్చేస్తుంది. ఫ్యాను రెక్కలు కూడా పూర్తిగా ఆగవు. మనుషులకు తెలియదు గానీ కంప్యూటరుకు తెలుస్తుంది. ఠక్కున ఆరిపోతుంది.

నాది ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఉద్యోగం. కరోనా అప్పుడు ఆఫీసువాళ్లు ఒక కంప్యూటర్ ఇంటికి పంపి ఇక్కడి నుంచే చేసుకోమన్నారు. తర్వాత అందరినీ వెనక్కి పిలిచారు. నేను బతిమాలి ఇంట్లోనే ఉండిపోయాను. ఎందుకంటే నాయినకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగ్గా పనిచెయ్యవు. ఒకసారి బాత్రూములో జారిపడ్డాడు. ఆయన్ని పగలు ఒంటరిగా వదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ పోయింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆఫీసేమో ఊరికి ఆ చివర. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిగాక మళ్లీ ఆటో ఎక్కాలి. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పని మధ్యలో సిస్టమ్ ఆగిపోకూడదు. ఆగితే అక్కడ వాళ్లకు కనబడుతుంది. పదే పదే ఆగితే ఇంటి నుంచి పనిచెయ్యడం రద్దు. అందుకే యూపీఎస్ కొన్నాను. నేను నాయిన దగ్గర ఉండాలంటే ఆ నల్లపెట్టె బతికుండాలి. ఒక మనిషి బాగోగులు ఇట్లాంటి పెట్టె మీద ఆధారపడతాయని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు.

కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత కరెంటు రెప్ప వేసినప్పుడల్లా యూపీఎస్ ఒక్కసారి కుయ్‌మని కంప్యూటరుతో పాటు తనూ పడుకునేది. బ్యాటరీ మార్చాను. అదీ అంతే. షాపాయన ఎండ అన్నాడు కదా అని దాన్ని కిటికీ పక్క నుంచి తీసి నీడలోకి జరిపాను. అగ్నికి సంబంధించిన వస్తువు ఆగ్నేయంలో ఉండాలని ఓనరమ్మ అంటే అదీ చూశాను. మా ఇంట్లో ఆగ్నేయం అంటే స్టవ్వు. వంటగదిలో కూర్చుని క్లెయిములు చూడడం కుదరదని వాస్తును అక్కడితో వదిలేశాను. ఇంకో బ్యాటరీ వేయించాను. దాన్ని షాపాయన చేతిలో పట్టుకుని, ఇది మాత్రం ఎటూ పోదని భరోసా ఇచ్చాడు. నిజమే, ఎటూ పోలేదు. ఉన్నచోటే చచ్చింది.

అప్పట్లో ఇంకో చిరాకు కూడా ఉండేది. నెట్ డబ్బా కూడా యూపీఎస్ మీదే నడిచేది. భోజనాలయ్యే వేళకు నెట్ పోయేది. పొద్దున లేచేసరికి వచ్చేది. కనెక్షన్ ఇచ్చినాయన్ని రోజూ తిట్టుకునేదాన్ని. ఫోన్ చేస్తే మా లైన్ బాగానే ఉంది మేడం అనేవాడు. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు వీడికి అనుకునేదాన్ని.

మా టీమ్ లీడ్ గుంటూరు వైపు అమ్మాయి. మంచిదే. కానీ ఫోన్ చేసినప్పుడల్లా ఎంతో మర్యాదగా, మీ ఇంట్లో పవర్ ప్రాబ్లమ్ ఇంకా తీరలేదాండీ అని అడిగేది. నేను తీరిపోతుందండీ అనేదాన్ని. నాయిన మంచం మీద కూర్చుని వినేవాడు. ఆ మాటల్లో ఆయనకు అర్థమయ్యేవి రెండే, కరెంటు సంగతి, ఆఫీసు సంగతి.

నాయిన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నల్లగొండ దగ్గర పల్లెలో ఆయనకు చిన్న బత్తాయి తోట ఉండేది. బోరు మోటరుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టించాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే తిరిగేది, ఆపేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఒక ఎండాకాలం బోరులో నీళ్లు లేకపోయినా అది తిరుగుతూనే ఉండి కాలిపోయింది. మోటరుకు మళ్లీ తీగ చుట్టించేలోపు తోట ఎండింది. అమ్మనూ నన్నూ తీసుకుని పట్నం వచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేరాడు. తన తోటలో కాయని బత్తాయిని ఇతరుల లారీల నుంచి ఏళ్ల తరబడి దించాడు. మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయాక ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత పక్షవాతం వచ్చింది.

ఆ మోటరు నుంచి ఆయన నేర్చుకున్నది ఒక్కటే. మిషన్‌కు ఆరాం ఇవ్వకపోతే కాలిపోతుంది. మా ఇంట్లో ఫ్రిజ్‌కు మధ్యాహ్నం ఆరాం. మిక్సీకి పచ్చడికీ పచ్చడికీ మధ్య ఆరాం. టీవీలో ప్రకటనలు రాగానే ఆపేస్తాడు. ప్రకటనలంటే పడక కాదు, టీవీ అలసిపోతుందని. ఫ్రిజ్‌లో పాలు విరిగినప్పుడల్లా నేను గొడవపడతాను. పాలదేముంది, ఫ్రిజ్ బతికింది కదా అన్నట్టు చూస్తాడు.

కంప్యూటర్ జోలికి మాత్రం రావద్దని మొదటి రోజే గట్టిగా చెప్పాను. ముట్టనని మాటిచ్చాడు. ముట్టలేదు కూడా. దుమ్ము పట్టినా తుడిచేవాడు కాదు. అందుకే నాకు ఎప్పుడూ ఆయన మీద అనుమానం రాలేదు.

ఆ మధ్య ఒక పన్ను పీకించుకుని, సెలవు పెట్టి, మధ్యాహ్నం లోపలి గదిలో పడుకున్నాను. నిద్రపోయానని నాయిన అనుకున్నాడు. చేతికర్ర టక టకమని కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. తలుపు సందులోంచి చూశాను. గోడ మీది స్విచ్ ఆపాడు. కరెంటు పోయిందనుకుని యూపీఎస్ కుయ్ కుయ్‌మంది. నాయిన భుజం గోడకు ఆనించి, మెల్లగా వంగి, మంచి చేత్తో దాని ముందరి బొత్తం ఒకసారి నొక్కాడు. అరుపు ఆగింది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇగ పండుకో అన్నాడు.

ఆ బొత్తం ఒకసారి నొక్కితే ఆగేది అరుపే, పని కాదు. నెట్ డబ్బాను నడుపుతూ యూపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ అడుగంటేదాకా. రోజూ సాయంత్రం నేను కూరగాయలకని రైతుబజారుకు పోయినప్పుడు ఇదే జరుగుతోంది. భోజనాల వేళకు బ్యాటరీ ఖాళీ. తెల్లారేదాకా ఖాళీ కడుపుతోనే. నేను లేవకముందే నాయిన లేచి స్విచ్ వేస్తాడు. పాపం నెట్ ఆయన నిజమే చెప్పాడు.

నేను లేచి వెళ్లి అడిగాను. దవడ వాచి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు.

"నాయినా, గదెందుకు బందు వెట్టినవ్?"

"ఆరాం ఇచ్చిన బిడ్డా. రోజు ఇస్త."

"రోజూనా?"

"రోజు మరి. పొద్దంత నడుస్తది గదా. గది గూడ కాలిపోతే నిన్ను ఆఫీసుకు రమ్మంటరు. అందుకే పైలంగ సూస్కుంటున్న."

నాకు విపరీతంగా కోపం వచ్చింది. పన్ను పీకిన నొప్పికి అది తోడైంది. అరవడానికి నోరు తెరిచాను కూడా. నాయిన గోడకు ఆనుకుని, ఎంతో బాధ్యతగా ఒక పని ముగించినవాడిలా నిలబడి ఉన్నాడు. అంత వంగడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. రోజూ వంగాడు, నా కోసం, నన్ను ఇంట్లో ఉంచుకోవడం కోసం. కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. దవడ సలుపుతోందని చెప్పాను.

మర్నాడు షాపాయన్ని అడిగాను, రోజూ సాయంత్రం స్విచ్ ఆపేస్తే ఏమవుతుందని. అట్ల ఎవరు చేస్తరు మేడం, బ్యాటరీ రోజు ఖాళీగుంటే సచ్చిపోతది, దాన్ని ఎప్పుడు చార్జింగ్‌లనే ఉంచాలె అన్నాడు. ఇంతకు ముందెందుకు చెప్పలేదంటే, మీరు అడగలే అన్నాడు. ఎండ సంగతి మాత్రం నేను అడగకుండానే చెప్పాడు.

కొత్త బ్యాటరీ వేయించి నాయినను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఇది బోరు మోటరు కాదు, కరెంటు ఉన్నంతసేపు కూర్చుని తింటుంది, అదే దానికి ఆరాం అని చెప్పాను. పచ్చ లైటు వెలుగుతుంటే కడుపు నిండినట్టు. ఆయన వంగి ఆ పచ్చ లైటు చూశాడు.

"అంటే నేను ఇన్ని దినాలు దాన్ని ఉపాసం వెట్టిన్నా?"

అవునని చెప్పడానికి మనసు రాలేదు. తలూపాను.

"ఇగ వెట్ట. ఇగ నువ్వు పోవుడు లేదు గదా?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆఫీసు నుంచి మెయిల్ వచ్చి అప్పటికే వారమైంది. వచ్చే సోమవారం నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని. టీమ్ లీడ్ నా తరఫున మాట్లాడబట్టే మూడు రోజులు, లేకపోతే అయిదు. కొత్త బ్యాటరీ సంగతి చెప్పి చూశాను. బ్యాటరీ మార్చానని నేను ఇంతకు ముందు కూడా చెప్పానట. నాయిన రిమోట్ అందుకున్నాడు. టీవీ పెట్టుకున్నాడు. ప్రకటనలు వచ్చినా ఆపలేదు.

ఇప్పుడు సోమ, మంగళ, బుధవారాలు నేను ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుతాను. ఓనరమ్మ మధ్యలో రెండుసార్లు కిందికి దిగి నాయినను చూసి వెళ్తుంది. బాత్రూముకు పోయేటప్పుడు తలుపుకు గడియ పెట్టొద్దని పొద్దున్నే చెప్పి బయల్దేరతాను. ఆ మూడు రోజులు ఇంట్లో కంప్యూటర్ మీద పనుండదు. యూపీఎస్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. నాయిన స్విచ్ మీద, దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించాడు, తనతో సహా ఎవరూ ఆపకుండా. తన కుర్చీని కిటికీ దగ్గర నుంచి దాని పక్కకు జరుపుకున్నాడు. ఫ్రిజ్‌కు మధ్యాహ్నం ఆరాం మామూలే.

లంచ్ వేళకు ఫోన్ చేస్తాడు. తిన్నావా, మందులేసుకున్నావా అని నేను అడగబోతాను. ఆయన ఆగడు, చెప్పాల్సింది ముందే చెప్పేస్తాడు.

"పచ్చ లైటు ఎలుగుతనే ఉన్నది బిడ్డా. నేను ముట్టలే. ఆళ్లకు చెప్పు."