చాందిని ఆగిన గేటు

ఈ రోజు పదింటికి ఇంట్లో నాకు పెళ్ళిచూపులు. కాలు ఒకచోట నిలవక, ఆరింటికే నాంపల్లి సందులో నేను స్వారీ నేర్చుకునే గుర్రాల షెడ్డుకు పారిపోయాను. మూడు నెలల తర్వాత మా మాస్టారు యాదగిరన్న గుర్రం తాడు వదిలి నన్నొక్కదాన్నే పోనిచ్చింది ఇవాళే. నన్నెక్కించింది చాందిని మీద. సాయంత్రాలు బరాత్‌లకు, పెళ్ళికొడుకుని ఊరేగించడానికి వెళ్ళే తెల్ల గుర్రం.

రోడ్డెక్కగానే హుషారుగా నడిచింది. ఇలాగే లక్డీకాపూల్ దాటి ఎటైనా పోదామనుకున్నాను. మొదటి మలుపులోనే ఒక ఫంక్షన్ హాల్ గేటు ముందు ఆగిపోయింది. మడమలతో అదిలించాను, బతిమాలాను. కదిలితేనా!

యాదగిరన్న నవ్వుకుంటూ వచ్చాడు. "ఫికర్ చెయ్యకున్రి మేడం. బరాత్‌ల ఎప్పుడూ గీడనే ఆగుతది. పెండ్లికొడుకు దిగినంకనే కదుల్తది."

"నేను పెళ్ళికొడుకుని కాదు కదన్నా!"

"గది దానికెట్ల ఎర్క? మీరు దిగున్రి."

దిగాను. చాందిని వెంటనే వెనక్కి తిరిగి, ఎంచక్కా షెడ్డు దారి పట్టింది.

నేను ఇల్లు చేరాను, పదింటికి అబ్బాయి తరఫువాళ్ళు వచ్చి వెళ్ళారు. అతను మంచివాడే అనిపించింది, అదే చిక్కు. నాన్న జవాబు అడుగుతున్నారు, నేనింకా గదిలో తిరుగుతూనే ఉన్నాను. దీన్ని శకునమంటారా, వెక్కిరింతంటారా? పెళ్ళిమాట తప్పించుకుందామని గుర్రమెక్కితే, అది నన్ను ఫంక్షన్ హాల్ ముందే దించి తన దారిన తాను పోయింది.